స్నేహితుడి రహస్యం - అమానతు హద్దులు

దసరా సెలవుల్లో ఒకరోజు అసర్ నమాజు అయ్యాక ఇంటర్ చదువుతున్న ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. మస్జిద్ ఖాళీ అయ్యేదాకా చెప్పుల దగ్గరే నిలబడి, ఆ తర్వాత మెల్లగా లోపలికి వచ్చి, "హజ్రత్, ఒక మసలా అడగాలి" అన్నాడు. అల్లాహ్ తోడని ప్రమాణం చేసి, ఒక విషయం ఎవరికీ చెప్పనని మాట ఇచ్చినవాడు దాన్ని చెప్పేస్తే ఏమవుతుంది? కఫ్ఫారా ఉందా? ఉంటే ఎంత?

మేము సంతోషించాము. ప్రమాణం విషయంలో ఇంత జాగ్రత్తపడే యువకులు ఈ కాలంలో ఎంతమంది ఉన్నారు! అందుకని వివరంగానే చెప్పాము. పదిమంది పేదలకు రెండు పూటలా అన్నం పెట్టాలి, లేదా వారికి బట్టలివ్వాలి. ఆ స్తోమత లేనివాడు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. హనఫీ మజ్‌హబ్ ప్రకారం ఆ మూడు ఉపవాసాలూ వరసగా ఉండాలి. పైగా ప్రమాణం భంగమైన తర్వాతే కఫ్ఫారా చెల్లుతుంది, ముందుగా తీర్చుకుంటే చెల్లదు. అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, సలాం చెప్పి వెళ్ళిపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఇంట్లో చెప్పాము. మా ఇంటావిడ అంతా విని, "ఇంతకీ ఆ రహస్యమేమిటట?" అని అడిగారు. అడగలేదన్నాము. "పదిహేడేళ్ళ పిల్లవాడు మూడు రోజులు పస్తుండటానికైనా సిద్ధపడి చెప్పేయాలనుకుంటున్నాడంటే, అది ఎవరో దొంగచాటుగా సిగరెట్ కాల్చిన సంగతి అయ్యుండదు కదా" అన్నారు ఆవిడ. ఆ తర్వాత మాకు ముద్ద దిగలేదు.

ఆ కుర్రాడి తండ్రి మా ముఖ్తదీయే కాబట్టి ఇల్లు తెలుసు. వెళ్ళి అతన్ని సందు చివరికి పిలిచి అడిగాము. కాసేపు తలవంచుకుని నిలబడి, ఆ తర్వాత చెప్పాడు. హాస్టల్లో తన గదిలోనే ఉండే స్నేహితుడు, వాళ్ళ ఇల్లు కూడా రెండు సందుల అవతలే. సెలవులిచ్చిన ముందు రోజు రాత్రి, ఇక తనకు బతకాలని లేదనీ, సెలవులయ్యాక తాను తిరిగి రాననీ చెప్పాడట. చెప్పి, ఎవరికీ చెప్పనని ఇతనితో ఒట్టు వేయించుకున్నాడు. "నాలుగు రోజుల నుంచీ రోజుకు మూడుసార్లు ఏదో ఒక వంకతో వాళ్ళింటికి వెళ్ళి చూసి వస్తున్నాను హజ్రత్. రాత్రిపూట మాత్రం వెళ్ళలేను కదా" అన్నాడు.

ప్రియ పాఠకులారా! ఒక ప్రాణానికి సంబంధించిన విషయాన్ని పట్టుకుని ఆ పిల్లవాడు ఇమాము దగ్గరికి వచ్చాడు. వచ్చి స్నేహితుడి గురించి అడగలేదు, కఫ్ఫారా గురించి అడిగాడు. ఎందుకని? మా దగ్గరికి వస్తే మసలా మాత్రమే అడగాలని అతనికి తెలుసు. మిగతా విషయాలకు మా దగ్గర జవాబు ఉండదని మేమే అతనికి నేర్పాము. ఎలా నేర్పామో కూడా మాకు గుర్తుంది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. వాటిలో ఎన్ని తప్పులు దొర్లాయో మీకు తెలిసిందే. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేసి, తిరిగి చూసినప్పుడు 99 అని దిద్దారు. ఆ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి తప్పిన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలించవలసి వచ్చింది. ఆ శుక్రవారాల్లో ఎన్నో మస్జిదుల్లో ఆత్మహత్య హరాం అని ఖుత్బాలు ఇచ్చారు. మేమూ ఇచ్చాము. గొంతు పెంచి మరీ ఇచ్చాము. అందులో చెప్పిన హుకుం తప్పు కాదు. ప్రాణం అల్లాహ్ ఇచ్చినది, దాన్ని తీసుకునే హక్కు మనిషికి లేదన్నది నిర్వివాదం. అయితే ఆ ఖుత్బా విని ఒక్క పిల్లవాడైనా మా దగ్గరికి వచ్చి మనసు విప్పాడా అంటే, లేదు. మనసులో అటువంటి తలంపు ఉన్నవాడు ఆ వేళ నాలుగో సఫ్ఫులో కూర్చుని ఉంటే ఏమనుకుని ఉంటాడు? ఈయనకు చెబితే నన్ను ముందుగా పాపిగా చూస్తాడు, ఆ తర్వాతే రోగిగా చూస్తాడు అనుకుని ఉంటాడు. కనుక తోటివాడికే చెప్పుకుంటాడు, ఒట్టు వేయించుకుని మరీ చెప్పుకుంటాడు.

ఇది ఒక ఊరి సంగతి కాదు. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వారిలో ఎంతమంది ముందుగా ఏ స్నేహితుడి చెవిలోనైనా ఒక మాట వేసి ఉంటారో ఆ లెక్కలో ఉండదు. మన పిల్లల్లో చాలామంది పదిహేనో ఏట ఇల్లు వదిలి రెసిడెన్షియల్ కాలేజీలో చేరుతున్నారు. తెల్లవారక ముందే లేపుతారు, రాత్రి స్టడీ అవర్లు అయ్యేదాకా కూర్చోబెడతారు, మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తారు. వారానికోసారి అమ్మతో ఫోను, అదీ వెనుక వరుస కట్టి నిలబడ్డవాళ్ళు వింటుండగా! అలాంటి చోట పిల్లవాడికి అమ్మా నాన్నా, అన్నా తమ్ముడూ, డాక్టరూ ఇమామూ అన్నీ పక్క మంచం మీది కుర్రాడే. ఆ కుర్రాడికీ పదహారేళ్ళే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. స్నేహితుడు నమ్మి చెప్పిన రహస్యం అమానతా, కాదా?

నిస్సందేహంగా అమానతే. ఒక మనిషి అటూ ఇటూ చూసి మాట చెప్పాడంటే ఆ మాట అమానతే అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు. నోటితో "ఎవరికీ చెప్పకు" అననక్కరలేదు, ఆ చూపు చాలు. హజ్రత్ అనస్ (రజి) చిన్నతనం గుర్తు చేసుకోండి. ఆయన పదేళ్ళ వయసులోనే దైవప్రవక్త (స) సేవలో చేరారు. ఒకరోజు పిల్లలతో ఆడుకుంటుండగా దైవప్రవక్త (స) వచ్చి, పిల్లలందరికీ సలాం చేసి, ఆయన్ను ఏదో పని మీద పంపించారు. ఇంటికి ఆలస్యంగా వెళితే తల్లి ఉమ్మె సులైమ్ (రజి) కారణం అడిగారు. పని మీద వెళ్ళానన్నారు. ఏం పని అంటే, అది రహస్యం అన్నారు. తల్లి ఆయన్ను గద్దించలేదు, గుచ్చి గుచ్చి అడగలేదు. ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పవద్దని ఆమే తాకీదు చేశారు. పెద్దయ్యాక తన ప్రియ శిష్యుడు సాబిత్‌కు కూడా ఆయన ఆ విషయం చెప్పలేదు. ఎవరికైనా చెప్పదలిస్తే నీకే చెప్పేవాణ్ణని మాత్రం అన్నారు. పిల్లవాడి నోట రహస్యానికి ఇస్లాం ఇచ్చిన విలువ ఇది.

మరి అటువంటప్పుడు ఆ కుర్రాడు నోరు విప్పడం ద్రోహం కాదా? ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. పిల్లల లోకంలో ఇంతకన్నా పెద్ద నేరం లేదు. చాడీలు చెప్పేవాడని ఒకసారి పేరు పడితే, ఆ హాస్టల్లో ఇక అతనితో ఎవరూ కలవరు.

అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక రివాయత్ ఉంది. దాని సనదు విషయంలో ముహద్దిసీన్లు చర్చించారు గాని, దాని భావాన్ని ధర్మవేత్తలు అంగీకరించారు. సభల్లో, సమావేశాల్లో విన్న మాటలు అమానతే, కాని వాటిలో మూడు రకాల మాటలకు ఆ రక్షణ లేదు అన్నది ఆ భావం. ఆ మూడింటిలో మొట్టమొదటిది అన్యాయంగా ఒకరి రక్తం చిందించాలనే మాట. ఎవడైనా వచ్చి ఫలానా వాణ్ణి చంపబోతున్నానని చెవిలో చెబితే, దాన్ని అమానతని దాచేవాణ్ణి మనం అమానతుదారుడంటామా? నేరంలో భాగస్వామి అంటాం. తన రక్తమైనా సరే అది నిషిద్ధమైన రక్తమే. దానికి అతను యజమాని కాడు.

ఇక్కడ అమానతు అనే పదం దగ్గర కాస్త ఆగాలి. వాడుకలో మనం అమానతంటే దాచిపెట్టడం అనుకుంటాం. కాని ఖుర్‌ఆన్‌లో అల్లాహ్ ఆజ్ఞాపించినది అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని. దాచడం మధ్యలో వచ్చే పని మాత్రమే, చేర్చడం అసలు పని. పక్కింటివారు ఊరికి వెళుతూ మన దగ్గర ఒక పెట్టె ఉంచారనుకోండి. అందులోంచి పొగ వస్తుంటే, తెరవనని మాట ఇచ్చానని తలుపులు వేసుకుని కూర్చునేవాణ్ణి చూసి ఆ పక్కింటివారు తిరిగి వచ్చాక మెచ్చుకుంటారా? స్నేహితుడు చెప్పిన మాట అతనిదే. అతని ప్రాణం మాత్రం అతని చేతిలో కూడా అమానతే. చిన్న అమానతు పెద్ద అమానతులో భాగంగా ఉంది. చిన్నదాన్ని కాపాడబోయి పెద్దదాన్ని పోగొట్టుకోవడం నమ్మకం నిలబెట్టుకోవడం అనిపించుకోదు.

ఇక ఒట్టు సంగతి. మంచి పని చేయకుండా ఉండటానికి అల్లాహ్ పేరును అడ్డు పెట్టుకోవద్దని ఖుర్‌ఆన్ హెచ్చరించింది. ప్రమాణం చేశాక అంతకన్నా మేలైనది కనబడితే, ఆ మేలు చేసి కఫ్ఫారా తీర్చుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు నేర్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. హజ్రత్ అబూ బక్ర్ (రజి) వంటివారే తన బిడ్డ మీద అపనింద వేసినవారితో చేరిన మిస్తహ్‌కు ఇక సాయం చేయనని ఒట్టు పెట్టుకుని, ఆ తర్వాత ఆయత్ అవతరించగానే ఆ ఒట్టును పక్కనపెట్టి సాయం కొనసాగించారు. కనుక ఆ కుర్రాడు అడిగిన మసలాకు మేము ఇచ్చిన జవాబు అక్షరాలా సరైనదే. ముందు చెప్పు, తర్వాత ఉపవాసం ఉండు. సరైన జవాబిచ్చి కూడా ఒక ప్రాణం విషయంలో ఎంత దూరం తప్పిపోవచ్చో మాకు ఆ రాత్రే తెలిసింది.

కొందరు పెద్దలు ఇక్కడొక అభ్యంతరం చెబుతారు, అది సబబైనదే. ఇలా పిల్లలకు రహస్యాలు బయటపెట్టడం నేర్పితే రేపటి నుంచి ఏ పిల్లవాడూ ఏ పిల్లవాడికీ ఏమీ చెప్పుకోడు, ఉన్న ఒక్క కిటికీ కూడా మూసుకుపోతుంది అని. అందుకే చెప్పే తీరు ముఖ్యం. ఈ తీరును హజ్రత్ సల్మాన్ (రజి) దగ్గర నేర్చుకోవచ్చు.

మదీనాలో దైవప్రవక్త (స) ఆయనకూ హజ్రత్ అబూ దర్దా (రజి)కూ మధ్య సహోదర బంధం కలిపారు. ఒకసారి సల్మాన్ ఆయన ఇంటికి వెళ్ళారు. ఉమ్మె దర్దా (రజి) మాసిన బట్టల్లో, తన మీద తనకు శ్రద్ధ లేనట్టు కనిపించారు. ఏమిటని అడిగితే, మీ సోదరుడికి ఈ లోకంతో పని లేదని బదులిచ్చారు. అబూ దర్దా పగలల్లా ఉపవాసం, రాత్రంతా నమాజు. బయటి నుంచి చూసేవారికి ఇందులో లోపమేం కనిపిస్తుంది? భక్తుడే అనుకుంటారు. మిత్రుడు మాత్రం ఇంట్లో అడుగుపెట్టగానే పట్టేశాడు. అన్నం ముందు పెడితే, నువ్వు తింటేనే నేను తింటానన్నారు సల్మాన్. ఉపవాసం విరమించి తిన్నారు అబూ దర్దా. రాత్రి లేవబోతే, పడుకో అన్నారు. మళ్ళీ లేవబోతే మళ్ళీ పడుకోమన్నారు. చివరి జామున తానే లేపి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు చెప్పారు ఆ మాట: నీ ప్రభువుకు నీ మీద హక్కుంది, నీ దేహానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది అని. ఆ తర్వాత విషయం దైవప్రవక్త (స) దగ్గరకు వెళ్ళింది. సల్మాన్ నిజం చెప్పాడన్నారు ఆయన.

ఈ వృత్తాంతాన్ని మేము ఆరాధనలో మితం గురించి ఎన్నోసార్లు చెప్పాము. స్నేహం ఎలా చేయాలో కూడా ఇందులో ఉందని మాత్రం ఆలస్యంగా గ్రహించాము. చూడండి, సల్మాన్ మొదట గమనించారు. తర్వాత అడిగారు. మాటలకన్నా ముందు కలిసి తిన్నారు, ఆ రాత్రి పక్కనే ఉన్నారు. నీతులు ఆఖర్న చెప్పారు. విషయం పెద్దల దగ్గరకు చేరింది కూడా మిత్రుడి ద్వారానే, అతని వీపు వెనుక కాదు.

స్నేహితుడు తిండి మానేశాడు, నిద్ర తగ్గింది, ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచిపెడుతున్నాడు, నేను లేకపోతే అందరికీ హాయి అంటున్నాడు. ఇవి కనిపిస్తే పిల్లవాడు నేరుగా అడగవచ్చు: "చనిపోవాలనిపిస్తోందా?" అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు. అది నిజం కాదని వైద్య పరిశోధనలు తేల్చాయి, అడిగితే మనసు తేలికపడుతుంది. కాని ముందుగా ఒట్టు మాత్రం వేయకూడదు. "నీ మాట ఊరంతా చాటను. కాని నీ ప్రాణం మీదికొస్తే మాత్రం ఒక పెద్దవాళ్ళకు చెబుతాను, నీకు చెప్పే చెబుతాను" అనాలి. ఒట్టు ఇదివరకే పడిపోయి ఉంటే, చెప్పబోయే ముందు స్నేహితుడికే తెలియజేయాలి, ఎవరికి చెప్పాలో అతన్నే ఎంచుకోనివ్వాలి, వీలైతే అతన్ని వెంటబెట్టుకునే వెళ్ళాలి. ఇక ఆ రాత్రే ప్రమాదం ఉందనిపిస్తే, ఎంచుకునేదాకా ఆగకూడదు. అతన్ని ఒంటరిగా వదలకుండా దగ్గరున్న పెద్దవారిని కేకేయాలి. కోపం వస్తే రానీ. సాయం చేయగలిగిన ఒక్కరికి చెప్పడం గీబత్ కాదు. గీబత్ అనుమతించబడిన సందర్భాలను ఇమాం నవవీ (రహ్మలై) విడిగా ఒక అధ్యాయంలో లెక్కించారు, కీడును తప్పించడానికి సాయం కోరడం వాటిలో ఒకటి. పదిమందికి చెప్పడం మాత్రం గీబతే. చాలాచోట్ల జరిగే ద్రోహం పిల్లల వల్ల కాదు, విన్న పెద్దల వల్ల. పిల్లవాడు ఒక్కరికి చెబుతాడు, ఆ ఒక్కరు సాయంత్రానికల్లా బంధువులందరికీ చేరవేస్తారు.

1935లో ఇంగ్లాండులో చాడ్ వారా అనే యువ క్రైస్తవ మతగురువు ఒక టీనేజీ బాలిక అంత్యక్రియలు జరిపించవలసి వచ్చింది. ఆమెకు మొదటిసారి నెలసరి వచ్చింది. అదేదో చెడ్డ రోగమనుకుని, అడగడానికి ఎవరూ లేక, ప్రాణం తీసుకుంది. ఆ సంఘటన ఆయన్ను వదల్లేదు. 1953లో లండన్‌లోని తన చర్చిలో ఒక ఫోను పెట్టుకుని, చావాలనుకునేవారు తనకు ఫోను చేయవచ్చని ప్రకటించాడు. వచ్చినవారు తమ వంతు కోసం బయట కూర్చునేవారు. వారికి టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు మామూలు మనుషులు ఉండేవారు. వారితో మాట్లాడాక చాలామంది ఇక తన దగ్గరికి రానవసరం లేకుండానే తేలికపడి వెళ్ళిపోవడం ఆయన గమనించాడు. దాంతో ఆ పనినే ఆ టీ ఇచ్చేవారికి అప్పగించాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. వివేకం ఎక్కడ దొరికినా అది విశ్వాసి పోగొట్టుకున్న సొత్తేనని మన పెద్దలు చెప్పారు కనుక, ఇది చెప్పడానికి మాకు సంకోచం లేదు. వినడానికి డిగ్రీలు అక్కరలేదు. అయితే అందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సంస్థలో వినేవారు పెద్దవాళ్ళు, శిక్షణ పొందినవాళ్ళు, వంతులవారీగా కూర్చునేవాళ్ళు. తమ వంతు అయ్యాక, విన్నదాని బరువు ఇంటికి మోసుకెళ్ళకుండా ఇంకొకరితో చెప్పుకుని దించుకుంటారు. పెద్దలకే ఇన్ని ఏర్పాట్లు కావలసి వస్తే, పదహారేళ్ళవాడు ఒంటరిగా నాలుగు రాత్రులు ఎలా మోస్తాడు? ఆస్ట్రేలియాలో 2000లో మొదలైన మానసిక ప్రథమ చికిత్స శిక్షణలో టీనేజీ పిల్లలకు విడిగా ఒక పాఠ్యక్రమం ఉంది. అది కూడా పిల్లలను వైద్యులను చేయదు, నమ్మకమైన ఒక పెద్దవారి దగ్గరకు చేర్చడమే నేర్పుతుంది.

ఈమాన్ గట్టిగా ఉంటే ఇవన్నీ ఎందుకొస్తాయి అనేవారు ఇప్పటికీ ఉన్నారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయాయి. ఆయన ఈమానుకు ఏం లోటు? తండ్రి కుంగిపోతుంటే, ఇంకా యూసుఫ్‌నే తలుచుకుంటావా అని విసుక్కున్నది కొడుకులు. మనం ఎవరి మాట పలుకుతున్నామో చూసుకోవాలి. 850 నుంచి 934 దాకా జీవించిన అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు, దేహానికున్నట్టే మనసుకూ రోగాలుంటాయని వివరిస్తూ, దుఃఖం రెండు రకాలన్నాడు. కారణం తెలిసినది ఒకటి, కారణమేమిటో తెలియకుండానే కమ్ముకునేది ఒకటి. వెయ్యేళ్ళ క్రితమే మనవాడు చెప్పిన మాట ఇది. ఇంట్లో విషాదం జరిగినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించేవారు, అది మనసుకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నారామె. దుఃఖంలో ఉన్నవాడికి ముందు గిన్నెడు జావ. ఉపన్యాసం తర్వాత.

పెద్దలకు ఇంకో భయం, పోలీసు కేసవుతుందని. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, ప్రాణం తీసుకోబోయినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి చికిత్స ఇప్పించాలంది, శిక్షించవద్దంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేనే లేదు. కాలేజీల సంగతికొస్తే, నీట్‌కు సిద్ధమవుతూ 2023లో విశాఖపట్నంలో మరణించిన పదిహేడేళ్ళ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సిలర్ ఉండాలి, మార్కులను బట్టి బ్యాచులు విడదీయడం మానాలి, సాయం కోసం చేయవలసిన ఫోను నంబర్లు హాస్టళ్ళలో కనబడేలా రాసి పెట్టాలి. మీ బిడ్డ చదివే చోట ఆ నంబరు గోడ మీద ఉందో లేదో, ఈసారి ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ నంబరు 14416. టెలీ మానస్ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. పగలైనా రాత్రైనా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. మా మస్జిద్‌లో దాన్ని నమాజు వేళల బోర్డు కింద రాయించాము. కమిటీలో ఒకరిద్దరు, ఇది మస్జిదా ఆసుపత్రా అన్నారు. రాసింది చెరపలేదు గాని.

ఆ రాత్రి సందు చివర నిలబడి ఆ కుర్రాడు మమ్మల్ని అడిగింది ఒక్కటే: "నేను చెబితే వాడు నన్ను క్షమిస్తాడా?" మేము ఆ సంగతి వదిలి, ఇప్పుడు వాడి దగ్గరికి వెళదాం పద అన్నాము. వాళ్ళ ఇంటి అరుగు మీద ముగ్గురం కూర్చున్నాము. "నా వల్ల కావట్లేదురా. హజ్రత్‌కు చెప్పేశాను. ఇంట్లో ఎవరికి చెప్పాలో నువ్వే చెప్పు" అన్నాడు. ఆ స్నేహితుడు అతని వంక ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు. చాలాసేపటికి, "అబ్బాకు వద్దు. మామూకు చెప్పండి" అన్నాడు. మేనమామ పక్క వీధిలోనే ఉంటారు. ఆయన వచ్చి, ఒక్క మాట కూడా అడగకుండా మేనల్లుడి పక్కన కూర్చుని భుజం మీద చేయి వేశారు. మేము ఎక్కడా చదువుకోని పాఠం అది. ఆ రాత్రి 14416కు ఫోను చేసింది ఆయనే. ఇద్దరూ ఒకే గదిలో పడుకున్నారు. తెల్లవారి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళారు. తండ్రికి మెల్లగా ఆయనే నచ్చజెప్పారు. పిల్లవాణ్ణి హాస్టల్ మాన్పించి ఊళ్ళోనే కాలేజీలో చేర్పించారు. మందులు కొంతకాలం వాడాడు, ఇప్పుడు చదువుకుంటున్నాడు.

మన కుర్రాడు సెలవులు మిగిలున్న రోజుల్లోనే మూడు ఉపవాసాలూ పూర్తి చేశాడు. మూడో రోజు ఇఫ్తారుకు మస్జిద్‌కు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. మగ్రిబ్ అజానుకు ఇంకా రెండు నిమిషాలుంది. "వాడు నాతో మాట్లాడట్లేదు హజ్రత్. దీనికేమైనా కఫ్ఫారా ఉందా?" అన్నాడు. లేదు బాబూ అన్నాము. అజాన్ అయింది, ఖర్జూరం తీసుకున్నాడు.

పోయిన రంజానులో ఇద్దరూ తరావీహ్‌కు వచ్చారు. వేర్వేరు సఫ్ఫుల్లో నిలబడ్డారు.